ఒక ఊరు, ఒక జట్టు, ఒక విలేఖరి

ఆటలనుగూర్చి ప్రసంగించు మాకు శ్రోతలనుండి తఱచుగా ఉత్తరములు వచ్చుచుండును. వానిలో మెప్పులుండును, మొట్టికాయలును ఉండును. కొంతకాలము క్రిందట వచ్చిన ఒక పోస్టుకార్డు మాత్రము మా బల్లమీదనే యుండిపోయినది. అంతకు ముందు వారము మన ప్రాంతపు జట్టొకటి ఓడిపోయిన పోటీని సమీక్షించుచు, మైదానము తడిసియుండుటచే మనవారు రాణింపలేకపోయిరని మేము చెప్పియుంటిమి. ఆ శ్రోత వ్రాసినది ఒకే వాక్యము: "అయ్యా, ఆ తడి ఎదుటి జట్టువారి కాళ్ళక్రింద లేదా?"

దీనికి మాకు సమాధానము తోచలేదు. మనది అనుకొన్న జట్టును గూర్చి మాటలాడునపుడు నాలుక తనంతటతానే మెత్తబడును. గెలుపు మనవారి ప్రతిభ, ఓటమి మైదానపు తప్పు! అభిమానమునకు ఇది సహజమే. కాని అభిమానికిని, అభిమానముతో కలము పట్టినవానికిని ఇంతకంటె పెద్ద ధర్మమేదైన కలదా? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని, వేల మైళ్ళ దూరమున నున్న ఒక చిన్న ఊరి కథను నేడు మనవి చేయదలచితిమి. ఆ ఊరు ఉత్తర అమెరికాలోని గ్రీన్ బే. ఆ ఊరి జట్టు పేరు ప్యాకర్స్. వారాడు ఆట అమెరికను ఫుట్‌బాల్.

ముందుగా ఆటను గూర్చి రెండు మాటలు. పేరు ఫుట్‌బాలే యైనను, ఇది మన ఊళ్ళలో పిల్లలు కాలితో తన్ను బంతియాట కాదు. బంతి గుండ్రముగా నుండదు; రెండు చివరలు కోసుగా నుండును. దానిని చేతితో పట్టి పరుగెత్తుదురు, చేతితోనే విసరుదురు. ఒక్కొక్క పక్షమున పదునొకండుగురు. మైదానము నూరు గజముల పొడవు. బంతి చేతనున్న జట్టు నాలుగు ప్రయత్నములలో పది గజములు ముందునకు సాగవలెను; సాగినచో మరల నాలుగు ప్రయత్నములు లభించును, సాగనిచో బంతి ఎదుటివారి పరమగును. చివరి గీత దాటించినచో ఆరు పాయింట్లు. ఒక్కొక్క గజమునకై దేహములు ఢీకొనును. అందుచే ఆటగాండ్రు తలకు శిరస్త్రాణమును, భుజములకు మెత్తలను ధరింతురు.

ఇక ఊరి సంగతి. విస్కాన్సిన్ రాష్ట్రమున, మిచిగాన్ సరస్సుయొక్క ఒక పాయ చివర గ్రీన్ బే కలదు. 1920లో ఆ ఊరి జనాభా సుమారు 31 వేలు. 2020 జనాభా లెక్కలలోను అది 1 లక్షా 7 వేలే. ఇదే పోటీ సంఘములోని ఇతర జట్లు న్యూయార్కు, చికాగో, డల్లాస్ వంటి మహానగరములకు చెందినవి. అట్టివాని సరసన, మన జిల్లా కేంద్రములలో చిన్నదానికి సాటి రాగల ఈ ఊరు ఒక శతాబ్దమునకు పైగా నిలిచి, 13 పర్యాయములు జాతీయ విజేత యైనది. ఇది ఎట్లు సాధ్యమైనది?

1919వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన ఆ ఊరి దినపత్రిక 'ప్రెస్ గెజెట్' కార్యాలయములో కొందరు యువకులు సమావేశమైరి. వారిలో ఇద్దరు ముఖ్యులు. ఒకరు కర్లీ లాంబో. ఇరువది యొకటవ ఏట నున్న మేటి ఆటగాడు. అనారోగ్యముచే కళాశాల చదువు విడిచి, మాంసమును డబ్బాలకెత్తు ఒక సంస్థలో గుమాస్తాగా చేరియుండెను. రెండవవారు జార్జి విట్నీ కల్హూన్. ఆ పత్రికలోనే విలేఖరి. తానును ఒకప్పుడు ఆటగాడేగాని, గాయముచే ఆట మాని కలము పట్టినవాడు. లాంబో తన యజమానులనడిగి చొక్కాలకు 500 డాలర్లు సంపాదించెను. ఆ సంస్థ పేరు ఇండియన్ ప్యాకింగ్ కంపెనీ. పేరులో 'ఇండియన్' అని యున్నను మన దేశముతో దానికి ఎట్టి సంబంధమును లేదు. డబ్బాలకెత్తు పనివారి పేరే జట్టునకు పేరైనది. పత్రికవారు కొంతకాలము 'బిగ్ బే బ్లూస్' అను అందమైన పేరు పెట్టి చూచిరి. ఊరివారి నోట అది నిలువలేదు.

తొలి యేడు ఆటస్థలమునకు కంచె లేదు, టిక్కెట్టు లేదు. ఆట జరుగుచుండగా కల్హూన్ తన టోపీని చేతబట్టి ప్రేక్షకుల నడుమ తిరిగి చందా వసూలు చేసెడివాడు. ఇచ్చినవారు ఇచ్చిరి, ఇవ్వనివారు మొగము త్రిప్పుకొనిరి. ఆ సంవత్సరము జట్టు పది ఆటలు గెలిచి ఒకటి మాత్రమే ఓడెను. ఖర్చులు పోగా మిగిలినది పంచుకొనగా ఒక్కొక్క ఆటగానికి దక్కినది 16 డాలర్ల 75 సెంట్లు!

మా దృష్టిలో టోపీకంటె గొప్పది కల్హూన్ కలము. ఆదివారము ఆట జరుగవలెనన్నచో ఆ వారమంతయు ఊరు దానిని గూర్చి మాటలాడుకొనవలెను. ఎదుటి జట్టులో బలశాలి ఎవడు, మనవారిలో గాయపడినవాడెవడు, గతసారి ఎక్కడ పొరబడితిమి - ఈ ముచ్చటలన్నియు ఆయన పత్రికలో వ్రాసెను. 1921లో జట్టు జాతీయ సంఘములో చేరినప్పుడు 'డోప్ షీట్' అను కరపత్రమును ప్రారంభించెను. నాటి వాడుకలో 'డోప్' అనగా లోపలి సమాచారము. ఆటనాడు ప్రేక్షకుల చేతికి అందు కార్యక్రమ పత్రమదియే, ప్రచార పత్రమును అదియే. నేటికిని జట్టు కార్యాలయము పత్రికలవారికి పంపు సమాచార పత్రమునకు ఆ పేరే నిలిచియున్నది. ఆటను చూడనివానికి చూపించుట, చూచినవానికి మరల గుర్తుచేయుట, రేపటి ఆటకు ఎల్లుండి ఆటకు నడుమ త్రాడు తెగకుండ పేనుట - ఇది అభిమాన రచయిత చేయు పని. మేము మైకు ముందు చేయుచున్నదియు నదియే కనుక, ఆ శ్రమ మాకు తెలియును.

కష్టములు వెంటనే ఎదురైనవి. కళాశాల విద్యార్థులను చాటుగా ఆడించిరను నేరముపై జట్టు సభ్యత్వమును సంఘము లాగివైచెను. 1922లో లాంబో దానిని మరల సంపాదించెను. ఆ యేట వాన వెంటబడినది. ఆట తడిసి జనము రాక నష్టము వచ్చినచో పరిహారమిచ్చుటకు ఒక బీమా తీసికొనియుండిరి. వాన రానే వచ్చినది, జనము రాలేదు. తీరా కొలిచి చూడగా, ఒప్పందములో వ్రాసిన కొలతకు అంగుళములో నూరవవంతు వాన తక్కువైనదట! బీమా సంస్థ చేతులు దులుపుకొన్నది. మా పోస్టుకార్డు శ్రోత అడిగిన తడికిని, ఈ తడికిని ఎంత చుట్టరికమో చూడుడు.

సంవత్సరాంతమున మరియొక ఆటనాడును వాన కురిసెను. ఆట ఆడినచో అప్పు పెరుగును. మానినచో మాట పోవును. అప్పుడు ప్రెస్ గెజెట్ వ్యవహారకర్త ఆండ్రూ టర్న్‌బుల్ అను పెద్దమనిషి, నష్టము వచ్చినను ఆట ఆపవలదని హితవు చెప్పి, తానును ఊరి వర్తకులను కూడగట్టుదునని మాట యిచ్చెను. ఆ మాట నిలుపుకొనెను. 1923లో జట్టును లాభార్జన లేని సంస్థగా మార్చి, ఒక్కొక్కటి 5 డాలర్ల చొప్పున వేయి వాటాలు ఊరివారికి విక్రయించిరి. వాటాదారునకు లాభాంశము లేదు. ఎప్పుడైన జట్టును అమ్మవలసివచ్చినచో వచ్చిన సొమ్ము స్థానిక మాజీ సైనికుల సంఘమునకు చెందవలెనని నియమము. అనగా అమ్మి బాగుపడువాడు ఊరిలో ఒక్కడును ఉండకుండ కట్టుదిట్టము చేసిరి. 1997లో ఈ నియమమును సవరించి, ఆ సొమ్ము జట్టు ధర్మనిధికి చేరునట్లు చేసిరి.

ఫలితము త్వరలోనే కనబడెను. 1929, 1930, 1931 సంవత్సరములలో వరుసగా మూడుమార్లు ప్యాకర్స్ విజేతలైరి. 1929లో గెలిచి రైలులో తిరిగి వచ్చిన రాత్రి స్వాగతమీయ వచ్చినవారు 20 వేలని నాటి అంచనా. ఊరి జనాభా 37 వేలు! మంచముపట్టినవారును పసిబిడ్డల తల్లులును తప్ప ఊరంతయు స్టేషనుకడనే యున్నదన్నమాట. ఆ సంవత్సరమే మిల్వాకీ నగరపు రేడియో కేంద్రమొకటి ప్యాకర్స్ ఆటలను ప్రసారము చేయసాగినది. దూరపు పొలములలో, పాడిపశువుల కొట్టములలోనున్న రైతులకు సైతము ఆ జట్టు మాటల రూపమున చేరినది.

పిమ్మట మరల చిక్కులు. 1931లో బల్లలపైనుండి ఒక ప్రేక్షకుడు క్రిందపడి గాయపడి న్యాయస్థానమునకెక్కెను. సుమారు 5 వేల డాలర్లు చెల్లింపవలసినదని తీర్పు వచ్చునప్పటికి బీమా సంస్థ దివాలా తీసియుండెను. జట్టు ఆస్తి న్యాయస్థానపు స్వాధీనమైనది. 1935లో ఊరివారు మరల వాటాలు కొని 15 వేల డాలర్లు సమకూర్చి విడిపించిరి. 1949లో జట్టు పండ్రెండు ఆటలలో పది ఓడి, జీతములకు డబ్బులేక దిగాలుపడినపుడు, తమలోతాము రెండు పక్షములై ఒక ఆట ఆడి సుమారు 50 వేల డాలర్లు పోగుచేసిరి. 1950లో 25 డాలర్ల చొప్పున వాటాలమ్మగా 1 లక్షా 18 వేల డాలర్లు వచ్చినవి. పొరుగు పల్లెనుండి ఒక మహిళ అగ్గిపెట్టెలో పావు డాలరు నాణెములు నింపుకొని వచ్చి ఒక వాటా తీసికొనెనని జట్టు చరిత్రలో చెప్పుకొందురు. ఆమెకు దానివలన ఒక్క సెంటును తిరిగి రాదు. "ఇది మాది" అను ఒక్క మాటకు ఆమె చెల్లించిన మూల్యమది.

ఇక కల్హూన్ సంగతి. ఇరువది యెనిమిదేండ్లు ఆయన ఆ జట్టునకు ప్రచారకర్త. టోపీ పట్టిన చేతితోనే ఊరూరి పత్రికలకు వార్తలు పంపినవాడు. 1947లో లాంబో ఆయన స్థానమున చికాగోనుండి వేరొకరిని నియమించెను. తనకు 'విశ్రాంతి' కల్పింపబడిన సంగతి కల్హూన్‌కు ఎవ్వరును చెప్పలేదట. పత్రికా కార్యాలయములో టెలిప్రింటరు యంత్రము మీద వచ్చుచున్న వార్తలలో తన పేరు తానే చదువుకొని తెలిసికొనెను. జీవితమంతయు ఇతరుల వార్తలు వ్రాసినవానికి తన వార్త అట్లు చేరినది.

ఈ ఘట్టముకడ మేము కొంతసేపు ఆగవలసివచ్చినది. విలేఖరి జట్టు కొలువులోనుండి జట్టును గూర్చి వ్రాయుట సరియైన పనియా? నేటి పత్రికాధర్మము ప్రకారము కాదు. ఒక చేత టోపీ, ఒక చేత కలము పట్టినవాడు నిష్పక్షపాతముగా వ్రాయుట కత్తిమీద సాము. కాని ఆనాడు ఆ చిన్న ఊరిలో మరియొకడు ఆ పని చేయుటకు లేడు. ఆయన వ్రాయకున్నచో జట్టు తొలి మూడేండ్లలోనే మాసిపోయెడిదని చెప్పుట అతిశయోక్తి కాదు. అయినను ఒక నీతి కలదు. జట్టు యజమాని మెప్పుకొరకు వ్రాసినవాని భద్రత ఆ మెప్పు ఉన్నంతవరకే. ఊరికొరకు వ్రాసినవానిని ఊరు మఱవదు. కల్హూన్ 1957వరకు ఆ పత్రికలోనే పనిచేసి, 1963 డిసెంబరులో కన్నుమూసెను. లాంబో 1950లోనే జట్టును వీడి చికాగోకు పోయెను. 1965లో ఆయన మరణానంతరము క్రీడాంగణమునకు ఆయన పేరు పెట్టిరి. విలేఖరి పేరు ఏ గోడమీదను అంత పెద్ద అక్షరములతో లేదు. జట్టు కీర్తి మందిరములో మాత్రము ఆయనకును చోటు లభించినది.

ఆ క్రీడాంగణమునకు 1956లో ఊరివారే ఓటువేసి ఆమోదము తెలుపగా, 1957లో అది సిద్ధమైనది. 1959లో విన్స్ లొంబార్డి అను కఠిన శిక్షకుడు వచ్చి, అంతకుముందు యేడు ఒకే ఒక ఆట గెలిచిన జట్టును ఏడేండ్లలో ఐదుమార్లు విజేతను చేసెను. 1967 డిసెంబరు 31వ తేదీన డల్లాస్ జట్టుతో జరిగిన ఆట నేటికిని కథగా చెప్పుకొనబడుచున్నది. ఆనాటి చలి సున్నకు దిగువన 25 సెంటిగ్రేడు డిగ్రీలు. న్యాయనిర్ణేతల లోహపు ఈలలు పెదవులకు అంటుకొనిపోవుటచే వారు నోటితో అరచి ఆట నడిపిరి. నేలను వెచ్చజేయుటకు అమర్చిన యంత్రము పనిచేయక మైదానము గాజుపలకయైనది. 50 వేలకు పైగా ప్రజలు ఆ మంచులో చివరివరకు కూర్చుండిరి. 16 సెకండ్లు మిగిలియుండగా బార్ట్ స్టార్ అను నాయకుడు తానే బంతితో చొచ్చుకొనిపోగా ప్యాకర్స్ 21-17తో గెలిచిరి. ఆ మంచు రెండు జట్ల కాళ్ళక్రిందను ఒక్కటే! మా పోస్టుకార్డు మరల గుర్తునకు వచ్చినది.

చిన్న ఊరు నిలుచుటకు అభిమానమొక్కటే చాలదు. న్యాయమైన ఏర్పాటును కావలెను. 1961లో అమెరికా ప్రభుత్వము చేసిన ఒక చట్టము ననుసరించి, జట్లన్నియు టెలివిజను ప్రసార హక్కులను కలిపి అమ్ముకొని, ఆ సొమ్మును సమానముగా పంచుకొనుచున్నవి. మహానగరపు జట్టునకు ఎంతయో, గ్రీన్ బేకును అంతియే. 2024లో ప్రకటించిన లెక్కలలో ఇట్టి ఉమ్మడి ఆదాయమునుండి ప్యాకర్స్‌కు వచ్చిన వాటా 40 కోట్ల డాలర్లకు పైగా నున్నది. పెద్దలు చిన్నవారితో సమానముగా పంచుకొనుటకు అంగీకరించిననాడే పోటీకి అర్థము కలదని దీనివలన గ్రహింపవచ్చును.

వాటాల అమ్మకము 1997లోను, 2011లోను, 2021లోను మరల జరిగినది. ఇప్పుడు వాటాదారులు 5 లక్షల 30 వేలకు పైబడియున్నారు. వాటాను బజారులో అమ్ముకొనుటకు వీలులేదు. ఒక వ్యక్తి రెండు లక్షలకు మించి వాటాలు కలిగియుండరాదు. నేటి సంఘ నియమములు ఇట్టి ప్రజా యాజమాన్యమును మరి యే జట్టునకును అనుమతింపవు. ఆసనములన్నియు 1960నుండి ఏటేటా ముందుగానే అమ్ముడగుచున్నవి. తమ వంతుకై పేరు నమోదుచేసికొని వేచియున్నవారు 1 లక్షా 40 వేలకు పైబడియున్నారు. మంచు దట్టముగా కురిసినచో జట్టువారు పిలుపునిత్తురు; ఊరివారు పారలు పట్టి వచ్చి కూలికి ఆసనములమీది మంచు ఎత్తిపోయుదురు. వేసవి శిక్షణ దినములలో ఆటగాండ్రు పిల్లల సైకిళ్ళనెక్కి మైదానమునకు పోవుట ఒక ఆచారము. భీమకాయుడొకడు చిన్న సైకిలు త్రొక్కుచుండ, ఆ సైకిలుగల బాలుడు అతని శిరస్త్రాణమును మోసికొని ప్రక్కన పరుగెత్తుట చూడముచ్చటగా నుండును.

వీనిలో మా మనసును ఎక్కువగా ఆకర్షించినది మరియొకటి. ఆ సంఘములోని జట్లలో తన జమాఖర్చులను ప్రజలముందు పెట్టునది ఇదొక్కటియే. ప్రతియేట వాటాదారుల మహాసభ జరుగును. సాధారణముగా జూలైలో, ఆ క్రీడాంగణములోనే సమావేశమగుదురు. ఉపాధ్యాయుడు, రైతు, నర్సు, దుకాణదారుడు - అందరును వచ్చి కూర్చుండి, ఎంత వచ్చినది, ఎంత వ్యయమైనది, ఎందుకు ఓడితిమి అను సంగతులు విందురు. లాభమాశింపని యజమాని అడుగగలిగినది లెక్క ఒక్కటే. దానిని మాత్రము విడువడు.

ఇదియే మేము ఆ ఊరినుండి నేర్చుకొన్నది. 'ఇది మాది' అనుటలో రెండు భాగములు కలవు. ఒకటి, కష్టకాలమున టోపీలో నాణెము వేయుట. రెండవది, లెక్క అడుగుట. మొదటిది లేని రెండవది ఎత్తిపొడుపు. రెండవది లేని మొదటిది గ్రుడ్డి భక్తి. జట్టును ప్రేమించి వ్రాయువాడు, చెప్పువాడు ఈ రెండింటిని కలిపి పేనవలెను. మనవారు గెలిచినపుడు గొంతు ఎత్తుటకు ఎవ్వరి అనుమతియు అక్కరలేదు. మనవారు పొరబడినపుడు, ఎదుటివాడు చెప్పకమునుపే మనము చెప్పవలెను. ఇంటిలోని పెద్ద పిల్లవానిని మందలించినట్లు, ఆ మాటలో చనువుండవలెను, నిజముండవలెను, రేపటి ఆటమీద ఆశయు నుండవలెను.

మైదానము తడిసినదని మేము చెప్పిన మాట అబద్ధము కాదు. కాని అది సగము నిజము. ఆనాడు మనవారి కాళ్ళు జారుటకు ముందే కూర్పు చెదరినది, ఆటలో పట్టు తప్పినది. అది మేము చూచియు చెప్పకపోతిమి. నేడు చెప్పుచున్నాము. ఆ పోస్టుకార్డు వ్రాసిన శ్రోత ఒక్క పైసా వాటా కొనకున్నను మన జట్టులో అసలైన వాటాదారులు. వారు మరల వ్రాయుదురు గాక! వారి చేతివ్రాత మా బల్లమీద నున్నంతకాలము మైకు ముందు మా నాలుక సులభముగా మెత్తబడదని మనవి చేసి సెలవు తీసికొనుచున్నాము.